ఈతాకు బిరడా

నేను బడి మానేసిన రోజే సైన్సు సారు ఆవిరి పాఠం మొదలుపెట్టారట. ఎండకు నీళ్లు ఎవరికీ చెప్పకుండా ఎలా మాయమవుతాయో వివరించి, "గిట్ల మాయమయ్యేది ఇంకేదన్న చెప్పుండ్రి" అని అడిగితే, వెనక బెంచీ వాళ్లంతా ఒక్క గొంతుతో నా పేరు చెప్పారట. సారు కూడా కాదనలేదట. అలా ఆ పాఠానికి నేను పనికొచ్చాను. ఆ పాఠం నాకు పనికిరావలసిన రోజు వచ్చేసరికి మాత్రం అది నా దగ్గర లేదు.

మా ఊరు రాయికల్ పక్కన. కల్లు గీసే ఇల్లు మాది. మా బాపు తాటిచెట్టు ఎక్కుతుంటే కాకులు కూడా పక్కకు జరిగేవని చెప్పుకునేవారు. నేను సగం చెట్టు దాకా ఎక్కేవాణ్ణి. అక్కడ కిందికి చూసి, మిగతా సగానికి బాపును పిలిచేవాణ్ణి. అందుకే చెట్టు వదిలేసి సిరిసిల్ల పోయాను. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. సాంచాల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి, నేను జోకు వేస్తే ఎవరూ నవ్వకపోయినా నాకు నామోషీ ఉండేది కాదు. కొన్నేళ్లు అలా గడిచింది. తర్వాత గుడ్డ కొనే దిక్కు లేక సాంచాలు ఒక్కొక్కటే ఆగుతూ వచ్చాయి. నాతో పనిచేసినవాళ్లలో కొందరు మహారాష్ట్రలో సాంచాలు నడిచే భివండికి బస్సెక్కారు. కొందరు ఏ బస్సూ ఎక్కలేదు. వాళ్ల చావు గురించి రాయడానికి కూచుంటే నాకు చెయ్యి ఆడదు. నేను ఊరికి తిరిగొచ్చాను.

వచ్చేసరికి బాపు చెట్టు మీది నుంచి పడి, నడుము దెబ్బతిని మంచంలో ఉన్నాడు. ఇల్లు మా ఆవిడ చుట్టే బీడీల మీద నడుస్తోంది. లేచింది మొదలు చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టడమే ఆమె పని. మాట్లాడుతున్నా, కోపంగా ఉన్నా, ఆఖరికి కునుకు తీస్తున్నా ఆ వేళ్లు ఆగవు. ఆ వేళ్లను చూస్తూ ఇంట్లో కూచోవడం నా వల్ల కాలేదు. ఎక్కడికైనా పోవాలి. ఎక్కడికన్నదే తెలియదు.

అప్పుడు కోరుట్ల నుంచి కాకా కబురు పంపాడు. మాకు వరసకు కాకా, అంటే బాబాయి, అవుతాడు. షార్జాలో ఏళ్ల తరబడి ఒకే అరబ్బు దగ్గర పనిచేసి, సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఆ అరబ్బుకు చిన్న చిన్న విమానాల పిచ్చి. మనుషులు ఎక్కేవి కావు. మనిషి నేల మీద నిలబడి ఎగరేసేవి. వాటికి నిమ్మకాయంత ఇంజన్లు ఉంటాయి. ఆ ఇంజన్లకు నూనె కలపడం, తుడవడం, స్టార్ట్ చేసి చేతికివ్వడం కాకా పని. ఇప్పుడు కాకాకు మోకాళ్లు పట్టేశాయి, ఇసుక గాలికి కళ్లు దెబ్బతిన్నాయి. ఇంక ఇంటి దగ్గరే ఉండిపోతానని అరబ్బును బతిమాలుకుంటే ఆయన ఒక మాట అన్నాడట: నీ జాగాలో మీవాళ్లలోనే ఒకణ్ణి పెట్టి ఆగిపో, లేకపోతే నువ్వే తిరిగి రా.

"గాయిన మేనేజరు ఇండియాకు అస్తున్నడు," అన్నాడు కాకా. "మా ఇంటికే అస్తడు. ఆయిన ముంగట నేనే నూనె కలిపిన అని చెప్పి, నువ్వే ఇంజను లేపాలె. లేసిందా, నువ్వు షార్జా పోతవ్. లెవ్వలేదా, నేను పోత. గంతే ముచ్చట."

"గంతేనా కాకా? నేను ఇంకేదో కష్టమనుకున్న."

"నవ్వకురా. ఏజెంటు లేడు, బొంబాయిల పడిగాపులు లేవు. గిసొంటి జాగ మల్ల రాదు."

నిజానికి నేను నవ్వింది భయంతో. నాకు భయమేస్తే ముందు పళ్లే బయటికొస్తాయి. ఆ రోగం చిన్నప్పటి నుంచీ ఉంది.

కాకా ఒక పాత ఇంజనును షార్జా నుంచి బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నాడు. దాన్ని చెక్కకు బిగించి, ఆ చెక్కను వాకిట్లో బల్లకు కొట్టాడు. ముందర ఒక చిన్న పంకా. దాన్ని వేలితో విసురుగా తిప్పితే ఇంజను అంటుకోవాలి. కరెంటు లేదు, ప్లగ్గు లేదు, అగ్గిపుల్ల లేదు. లోపల నూనె ఆవిరిని ఒత్తితే ఆ ఒత్తిడికే అది అంటుకుంటుందట.

"మూడు కలుపుతం," అని కాకా చూపించాడు. "ఆముదం జారుడుకు. గ్యాసునూనె బలానికి. ఈథర్ అంటుకునుడుకు. మూడిట్ల ఈథరే పెండ్లికొడుకు. అది లేకుంటె మిగిలిన రెండు బరాత్‌ల ఎగిరేటోల్లే."

గ్యాసునూనె అంటే మా దగ్గర కిరోసిన్. అది ఇంట్లో ఉండేదే. ఆముదమూ ఉండేదే. ఈథర్ మాత్రం నాకు కొత్త. నీళ్లలా ఉంటుంది. చేతి మీద ఒక చుక్క వేసుకుంటే చల్లగా తగిలి, ఏదీ అని చూసేలోపు ఉండదు. ముక్కుకు ఆపరేషన్ గది వాసన. కాకా హైదరాబాదులో తెలిసిన మనిషితో ఒకే ఒక్క సీసా తెప్పించాడు.

మొదట్లో పంకా నా వేళ్లను పచ్చడి చేసింది. కాకా పసుపు రాసి కట్టు కట్టేవాడు, మళ్లీ తిప్పమనేవాడు. ఒకరోజు అది ఒక్కసారి దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, కందిరీగల తుట్టె లేచినట్టు లేచింది. వాకిట్లో కోళ్లు చెల్లాచెదురయ్యాయి. కాకి (కాకా భార్యను మేం అలాగే పిలుస్తాం) వంటింట్లోంచి చెవులు మూసుకుని వచ్చింది. కాకా మాత్రం కళ్లు మూసుకుని వింటున్నాడు. ఏళ్ల తరబడి ఎడారిలో విన్న చప్పుడును ఆయన ఆ రోజు తన వాకిట్లో, ఇంక నాకు సంబంధం లేదన్నట్టు వింటున్నాడు. ఆ ముఖం చూశాక నాకు ఇంకా భయమేసింది. నా ఒక్కడి కొలువు అయితే పోతే పోయిందనుకోవచ్చు. ఈయన ముసలితనం కూడా నా చూపుడు వేలికే వేలాడుతోంది.

మేనేజరు వచ్చే రోజు దగ్గరపడ్డాక కాకా మిగిలిన ఈథర్ నా చేతికిచ్చాడు.

"ఇంటికి వోయి నువ్వే కలుపు. నా చెయ్యి వడితే ఆయినకు చప్పుడుల ఎరుకైతది. సల్లటి జాగల వెట్టు. పొయ్యికి దూరం. దీని ఆవిరి బరువుంటది, పాములెక్క నేల మీద పాక్కుంట పొయ్యిని ఎతుక్కుంటది. మూత పైలం."

"మూత సంగతి నాకు చెప్తున్నవా కాకా? కల్లు సీసల నడుమ పుట్టినోన్ని."

ఆ మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో ఏమో. అనకపోతే ఇంకో నాలుగు ముక్కలు చెప్పేవాడేమో. అన్నాను కాబట్టి ఆయన ధైర్యపడి ఊరుకున్నాడు.

ఎండాకాలం. జగిత్యాల మీదుగా ఊరికి చేరి, మర్నాడు పొద్దున్నే బాపు మంచం పక్కన కూచుని కలపడం మొదలుపెట్టాను. ఈథర్ సీసా మూత తిప్పగానే బుస్సుమంది.

బాపు పడుకునే చెవి రిక్కించాడు. "అగో! పొంగుతున్నది."

నాకూ అదే అనిపించింది. కల్లు గీసే ఇంట్లో పుట్టినవాడికి ఆ చప్పుడు ఎవరూ వివరించనక్కర్లేదు. కల్లు సీసాకు గట్టిగా బిరడా కొట్టామంటే ఎండకు లోపల పొంగి, సీసా ఢామ్మని పగులుతుంది. మా చిన్నాయన కనుబొమ్మ మీద ఉన్న మచ్చ అలా వచ్చిందే. అందుకే మేం ఈతాకు మడిచి సీసా మూతిలో దోపుతాం. పురుగు పడదు, లోపలి గాలి మాత్రం బయటికి పోతుంది. కల్లుకు ఊపిరి ఆడాలి.

మూడూ కలిపి, సీసాను ఒకసారి కదిపి చూశాను. మళ్లీ బుస్సు.

"గట్టిగ వెట్టకురా," అన్నాడు బాపు. "రేపటిదాక ఆగదు. పగిలిందంటె నీ షార్జా ఈ మంచం మీదనే అయిపాయె. అగో, మూలకు ఈతాకు ఉన్నది, దోపు."

దోపాను. ఎంతో నేర్పుగా దోపాను. ఇక ఎక్కడ పెట్టాలన్నది ఆలోచించాను. పొయ్యి ముందరి వసారాలో ఉంది, కాబట్టి లోపలి అర్రలో పెట్టాలి. ఆవిరి నేల మీద పాకుతుందని కాకా చెప్పాడు, కాబట్టి పైన పెట్టాలి. పాకేదాన్ని పైన పెడితే ఎక్కడ పాకుతుంది? ఇంత తెలివి నాకు బడిలో ఉన్నప్పుడు ఎందుకు రాలేదో అనుకుంటూ, బాపు మంచానికి సరిగ్గా పైన, గోడలో ఉన్న గూట్లో సీసా పెట్టాను. రాయికల్ అంగడికి పోయి వచ్చాను.

తిరిగొచ్చి గడపలో కాలు పెడితే దవాఖాన వాసన. గూట్లో చూశాను. పొద్దున సీసా భుజాల దాకా ఉన్న నూనె ఇప్పుడు చాలా కిందికి దిగి ఉంది. గూట్లో తడి లేదు. గోడకు చార లేదు. కింద మంచంలో బాపు నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. నడుము దెబ్బ తగిలినప్పటి నుంచీ మూలుగుతూ మేలుకుని ఉండే మనిషి. ఇప్పుడు మూలుగు లేదు.

నా లెక్క కుదిరిపోయింది. సీసాలో తగ్గింది బాపులో చేరింది.

"బాపూ! ఓ బాపూ!" భుజం పట్టి కుదిపాను. తల ఇటు వాలింది. మళ్లీ కుదిపాను. అటు వాలింది.

మా ఆవిడ చాట పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చింది. "ఏమైందయ్యా?"

"బాపు గా సీసలది తాగిండే!"

"నడుము లేవని మనిషి గూట్లకెంచి ఎట్ల తీస్తడు?"

"కల్లుకోసం తాటిచెట్టెక్కినోడు. గూడెంత ఆయినకు?"

ఆమె చెంబు తెచ్చి నీళ్లు ముఖాన కొట్టింది. బాపు కళ్లు మెల్లగా తెరుచుకున్నాయి. మమ్మల్ని చూసి, ఏళ్ల కిందట మానేసిన నవ్వు ఒకటి నవ్వాడు.

"ఎందుకురా లేపినవ్? మస్తు నిద్ర వట్టింది. చెట్టెక్కినట్టు కల వడ్డది," అని, దిండు కింద చెయ్యి పెట్టి బీడీ తీశాడు. అగ్గిపెట్టె తీశాడు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. కడుపు నిండా ఈథర్ ఉన్న మనిషి బీడీ ముట్టిస్తే నోట్లోంచి మంట వస్తుందని నా భయం. అగ్గిపెట్టెను చేతిలోంచి లాగి బయటికి, వాకిట్లోకి విసిరేశాను.

"నా కోడలు చుట్టిన బీడి నాకే లేదారా?"

"ముందుగాల నోరు తెరువు బాపూ."

"ఎందుకు?"

"తెరువమంటున్న గద!"

తెరిచాడు. వాసన చూశాను. పొద్దటి కల్లు వాసన, దాని కింద బీడీ వాసన. దవాఖాన వాసన మాత్రం నోట్లో లేదు, గదంతా ఉంది.

"సీసలది తాగినవా, లేదా? ఒట్టేసి చెప్పు."

బాపు ముఖం ఎర్రబడింది. "చెట్టు మీది కల్లు తప్ప ముంతల కల్లు గూడ ముట్టనోన్ని. గా గ్యాసునూనె తాగుతనారా నేను? ఎవనికి చెప్పుతున్నవ్?"

ఆయన ఇంత కోపంగా, ఇంత తెలివిగా తిడుతుంటే నాకు ప్రాణం కుదుటపడింది. మా ఆవిడ తల తిరుగుతోందని తలుపులు బార్లా తెరిచి, చాట తీసుకుని వాకిట్లోకి పోయింది. పోతూ, "ఆయిన తాగలే. నువ్వు తాగినవేమో సూసుకో," అంది.

బాపు తాగలేదు సరే, మరి నూనె ఏమైంది? సీసా పగులు చూశాను, లేదు. ఎలుకలు ఆముదం తాగుతాయని విన్నాను, కానీ ఈతాకు ఎక్కడిది అక్కడే ఉంది. ఎంత ఆలోచించినా అంతు దొరకలేదు. మర్నాడే మేనేజరు వస్తాడు. సగం సీసాతో పోతే కాకా ఏమనుకుంటాడు? మూడూ కలిసిపోయిన తర్వాత తగ్గితే మూడూ కలిసే తగ్గుతాయని నా నమ్మకం. కల్లు తగ్గితే కల్లే తగ్గుతుంది కదా, అందులో ఒకటి ఉండి ఒకటి పోదు కదా. అందుకని స్టవ్వులోంచి కాస్త గ్యాసునూనె, డబ్బాలోంచి కాస్త ఆముదం పోసి సీసాను మళ్లీ భుజాల దాకా తెచ్చాను. ఈథర్ మిగల్లేదు కాబట్టి అది పోయలేదు. పెళ్లికొడుకు లోపలే ఉన్నాడని నా ధీమా. మళ్లీ ఈతాకు దోపాను. ఈసారి కొత్తది.

పొద్దున జగిత్యాలలో కోరుట్ల బస్సెక్కి, సీసాను సంచిలో, సంచిని ఒళ్లో పెట్టుకున్నాను. పసిపిల్లను కూడా అంత జాగ్రత్తగా ఎవరూ పట్టుకోరు. బస్సు కదిలిందో లేదో కండక్టరు ముక్కు ఎగబీల్చాడు.

"ఎవలన్న దవాఖానల నుంచి అచ్చిండ్రా?"

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను కిటికీలోంచి పొలాలను చూశాను. ఇంతలో నా పక్కన కూచున్న ముసలాయన బీడీ తీసి చెవి దగ్గర నలిపాడు.

"తాతా, బీడి ముట్టియ్యకు. నీ కాలు మొక్కుత."

"ఎందుకు? నీకు దగ్గా?"

"దగ్గు గాదు. మా ఇంట్ల బీడీలే చుడుతరు. గా వాసన అంటెనే పడ్తలేదు."

"గట్లనా? గీ బీడి నీ పెండ్లామే చుట్టిందేమో," అని ఆయన బీడీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచిగనే చుట్టింది," అని చెవి మీద పెట్టుకున్నాడు. దాన్ని మళ్లీ ఎప్పుడు తీస్తాడోనని కోరుట్ల దాకా ఆ చెవి వైపే చూస్తూ కూచున్నాను. ఆయన దిగేటప్పుడు, "పిలగా, నా చెవికేమన్న అయిందారా?" అని అడిగాడు.

కాకా ఇంట్లో మేనేజరు అప్పటికే కుర్చీలో ఉన్నాడు. మలయాళీ. తెల్లచొక్కా, మెత్తటి మాట. హిందీలో మాట్లాడాడు. నిజాం కాలం నుంచీ మా నోళ్లకు అలవాటైన భాషే కాబట్టి నాకు ఇబ్బంది లేదు. కాకి చాయ్ పోసింది. కాకా ఇస్త్రీ బట్టలు వేసుకుని, మోకాళ్లు పట్టుకుని గడపలో నిలబడ్డాడు. కూచోమన్నా కూచోలేదు.

నేను ఇంజను ట్యాంకులో నూనె పోశాను. పైన స్క్రూ సరిచేశాను. పంకా మీద వేలు పెట్టాను. విసిరాను.

ఏమీ లేదు.

మళ్లీ విసిరాను. స్క్రూ కొంచెం బిగించి విసిరాను, కొంచెం వదిలి విసిరాను. ఇంజను దగ్గనైనా దగ్గలేదు. నోట్లోంచి నూనె కారుస్తూ, బాపు నిన్న పడుకున్నట్టే పడుకుంది. చెమట కళ్లలోకి కారుతోంది. పంకా నా పాత గాయాన్నే మళ్లీ కోసింది, రక్తం చెక్క మీద పడింది. మేనేజరు చాయ్ కప్పు కింద పెట్టాడు. నేను విసురుతూనే ఉన్నాను. ఆపితే ఓడిపోయినట్టు. ఆపనంతసేపూ ఏదో ఒకటి జరగవచ్చు.

"ఆగు," అన్నాడు కాకా.

నెమ్మదిగా వచ్చి, సీసా ఎత్తి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. "దీంట్ల ఈథర్ ఏదిరా?"

"పోసిన కాకా. నువ్విచ్చిందంత పోసిన."

"మూత ఏది?"

ఈతాకు చూపించాను. కాకా దాన్ని అందుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయనా మా కులమే కదా, చిన్నప్పుడు ఇలాంటివి ఎన్ని మడిచి ఉంటాడో. ఆయనకు ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

"బుస్సుమన్నది కాకా," అన్నాను. "పగులుతదని..."

"కల్లు లోపల పొంగుతది కొడుకా. అందుకే దానికి సందియ్యాలె. ఇది పొంగది. పోతది. ఎండకు ఇది ఊకెనే మసులుతది, పొయ్యి గూడ అక్కరలేదు. సందు దొరికిందంటె అదొక్కటే పోతది, మిగిలిన రెండు ఆడనే ఉంటయి." ఆయన గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధ. "యాడ వెట్టినవ్ సీసను?"

"గూట్ల. పైన. బాపు మంచం మీద."

కాకా సీసాను కింద పెట్టాడు. "ఎనుకట ఆపరేషనంటె గీ వాసననే వట్టిచ్చి పండవెట్టేటోల్లు. మీ బాపు మంచిగున్నడా?"

"మస్తు నిద్ర వట్టిందన్నడు. లేవంగనే బీడి తీసిండు, నేను అగ్గిపెట్టె గుంజి పారేసిన."

"ఎందుకు గుంజినవ్?"

"తాగిండేమో, నోట్లకెంచి మంటత్తదేమోనని."

కాకా వెనక్కి పోయి గడప మీద కూచున్నాడు. ఆ గది నేలంతా, మంచం చుట్టూ, బాపు దిండు చుట్టూ ఏముండిందో, అగ్గిపుల్ల గీసి ఉంటే ఏమయ్యేదో అప్పుడు నాకు ఒక్కొక్కటిగా అర్థమైంది. ఉద్యోగం పోతుందన్న భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. జరగకుండా పోయినదాని భయం ఇంత పెద్దగా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

మేనేజరుకు కాకా హిందీలో అంతా చెప్పాడు. మధ్యలో నేనూ అందుకుని, బాపు నోరు వాసన చూసిన సంగతి, బస్సులో ముసలాయన చెవి సంగతి చెప్పాను. భయం పోలేదు, నోరు మాత్రం ఆగలేదు. మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు. కాకి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంత నవ్వించినవాణ్ణి వద్దంటారా అని నాకు చిన్న ఆశ పుట్టింది.

మేనేజరు లేచాడు. సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి, "ఉడ్ గయా," అన్నాడు. ఎగిరిపోయిందట. నా భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి మంచి చెయ్యే, విసురుడు బాగానే వచ్చింది అన్నాడు. కానీ అక్కడ నూనె గది నిండా ఇవే సీసాలు ఉంటాయని, బయట ఎండ ఇక్కడి ఎండకు పెద్దన్న అని, మూత తెలియని మనిషిని ఆ గదిలోకి పంపి తాను నిద్రపోలేనని అన్నాడు. మళ్లీ పరీక్ష పెట్టడానికి ఈథర్ లేదు, ఆయనకు ఆగే తీరిక లేదు. కాకా వైపు తిరిగి, టికెట్టు పంపిస్తామని చెప్పాడు. కాకా తల ఊపాడు. కాకి చాయ్ కప్పులు తీసుకుని లోపలికి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

ఇంటికి చేరేసరికి మా ఆవిడ చాట ముందర కూచుని ఉంది.

"లేసిందా?" అంది తల ఎత్తకుండా.

"లెవ్వలే."

వేళ్లు ఆగాయి. మరీ ఎక్కువసేపు కాదు, ఒక బీడీకి సరిపడా. మళ్లీ కదిలాయి. "సిరిసిల్లల మల్ల సాంచాలు నడుత్తున్నయట," అంది. అంతే. లోపలి నుంచి బాపు, "కొడుకా, గా సీస మల్ల తెస్తవా? జర నిద్ర వట్టేది," అన్నాడు. అతి కష్టం మీద ఆయనకు సంగతి చెప్పాను. విని, చాలాసేపు తన అగ్గిపెట్టె వైపు చూశాడు. "ఈతాకు నేనే దోపుమంటి గద," అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన బీడీ ముట్టించాలంటే మంచం మీంచి దేకుతూ వాకిట్లోకి పోయేవాడు.

కాకా పోయే రోజు జగిత్యాల బస్టాండులో కలిశాం. ఆయనది హైదరాబాదు బస్సు. నేనూ సంచి సర్దుకునే వచ్చాను. నాది సిరిసిల్ల దారి. కాకా పెట్టెను బస్సు మీదికి నేనే ఎత్తి కట్టాను. ఆయన మోకాళ్లు పట్టుకుని మెట్టు ఎక్కడానికి నానా తంటాలు పడుతుంటే వెనక నుంచి చెయ్యి ఆసరా ఇచ్చాను. కిటికీ పక్కన కూచున్నాడు. కాకి రాలేదు. బస్టాండు దాకా వస్తే ఏడుపు ఆగదని ఇంటి దగ్గరే ఉండిపోయిందట.

క్షమించమని అడగడం మా ఇళ్లలో లేదు. బస్సు ఇంజను స్టార్ట్ చేశారు. ఏదో ఒకటి అనకపోతే ఆయన అలాగే మౌనంగా వెళ్లిపోతాడేమోనని గుబులు పుట్టింది. కిటికీ చువ్వలు పట్టుకుని పళ్లు బయటపెట్టాను.

"కాకా, నీ అరబ్బు సేటుకు నా ముచ్చట చెప్పు. చెయ్యి గూడ వెట్టకుంట ఈథర్‌ను ఇంట్లకెంచి ఎల్లగొట్టిన మొనగాడు మా జగిత్యాల దిక్కు ఒకడున్నడని చెప్పు."

కాకా కిటికీలోంచి నా వైపు చూశాడు. ఆ ముఖంలో నవ్వు వచ్చినట్టే వచ్చింది.

"ఈథర్‌ను ఎల్లగొట్టుడు ఏం పెద్ద పనిరా, ఎండ గూడ జేస్తది. మోకాళ్లు వంగని నన్ను గూడ ఎల్లగొట్టినవ్ సూడు, గది చెప్త."